బడి కలిసిపోయింది, బీరువా ఏమైంది?



పోయిన జుమ్మా నమాజు అయ్యాక మస్జిద్ సహన్‌లో కాసేపు గడబిడ నడిచింది. మా మహల్లాలోని ఉర్దూ ప్రాథమిక పాఠశాలను పెద్ద రోడ్డవతల ఉన్న తెలుగు మీడియం హైస్కూల్లో కలిపేస్తారని ఖబర్. ఇంకా కాగితం మీదకి రాలేదు. కానీ మన దగ్గర కాగితం కంటే ముందు ఖబర్ నడుస్తుంది కదా. ఒక బుజుర్గ్ గొంతు పెంచి, ఇది మన జబాన్ మీద హమ్లా అన్నారు. ఆటో నడిపే ఓ కుర్రాడు మెల్లగా, "చిచ్చా, ఆప్‌కే పోతే కౌన్‌సే ఇస్కూల్‌కు జాతే?" అని అడిగాడు. ఆయన మనవళ్ళు కాన్వెంటు బస్సెక్కుతారని మహల్లా మొత్తానికి తెలుసు. సహన్ అంతా ఖామోష్. తర్వాత అందరి నజర్ నా మీద పడింది. "నువ్వు అఖ్బార్ వాడివి. ఏదన్నా రాయి."

రాస్తున్నాను. అయితే వాళ్ళు అడిగింది కాదు. నాకు ఆ రోజు గుర్తొచ్చింది మా మహల్లా బడి కాదు, లండన్‌లో ఒక ప్రింటింగ్ స్కూలు. నేను చూడని ఊరు, చూడని బడి. కానీ దాని తారీఖ్ నాకు చాలా కాలంగా మనసులో ఉంది. అందుకు కారణం మా చిచ్చా.

మా చిచ్చా కాతిబ్. హైదరాబాద్‌లో ఒక ఉర్దూ అఖ్బార్‌లో నాలుగో పేజీ, అప్పుడప్పుడూ మొదటి పేజీ సుర్ఖీలు రాసేవాడు. సెలవులకు వెళ్ళినప్పుడు ఆయన పక్కన కూర్చుని చూసేవాణ్ణి. ఒక మోకాలు పైకి మడిచి, దాని మీద పలక, పలక మీద కాగితం, చేతిలో వాలుగా కోసిన ఖలం. ఊపిరి బిగబట్టి ఒక 'సీన్' గీత లాగితే అది ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎక్కడా వణికేది కాదు. చిచ్చా కాలానికి ఆఫ్‌సెట్ వచ్చేసింది. ఆయన రాసినదాన్ని ఫోటో తీసి ప్లేటు చేసేవాళ్ళు. కానీ ఆయన ఉస్తాద్ రాతిమీద అచ్చు చూసినవాడు. ఆ కథలు చిచ్చా నాకు చెప్పేవాడు.

రాతి అచ్చు అంటే లిథో. 1790ల చివర్లో జర్మన్ దేశపు సెనెఫెల్డర్ కనిపెట్టిన హునర్. దాని కిటుకంతా నూనెకీ నీళ్ళకీ పడకపోవడంలో ఉంది. నున్నగా అరగదీసిన సున్నపురాయి మీద జిడ్డు సియాహీతో రాసి, రాయిని తడిపి, పైన మసి రోలరు దొర్లిస్తే, రాత ఉన్నచోట మసి అంటుకుంటుంది, తడి ఉన్నచోట అంటదు. కాతిబ్ మసాలా పట్టించిన పసుపు కాగితం మీద మామూలుగానే రాసేవాడు. దాన్ని రాయి మీద ఒత్తితే అక్షరాలు తిరగబడి దిగేవి. ఏదన్నా గలతీ ఉంటే సరిదిద్దడానికి వేరే మనిషి, సంగ్‌సాజ్. ఆయన రాయి మీద ఎడమ నుంచి కుడికి, తిరగేసి ఉర్దూ రాయాలి! ఇది అద్దంలో చూసుకుంటూ షేవింగ్ చేసుకోవడం లాంటిది కాదు, చాలా కష్టం.

ఉర్దూకి ఈ రాయి ఎందుకు అంత ప్రాణమైందంటే, సీసపు అక్షరాల్లో నస్తాలిఖ్ ఇమడదు. తెలుగుకీ ఇంగ్లీషుకీ అక్షరాలు పోత పోసి వరసగా పేర్చుకోవచ్చు. నస్తాలిఖ్‌లో ప్రతి అక్షరం పక్కవాణ్ణి చూసి రూపం మార్చుకుంటుంది, పైనుంచి కిందికి వాలుతుంది. అందుకే లక్నోలో మున్షీ నవల్ కిశోర్ 1858లో పెట్టిన ప్రెస్సు నుంచి దక్కన్‌లోని చిన్న చిన్న ఛాపాఖానాల దాకా ఉర్దూ కితాబులు చాలావరకు రాతి మీద నుంచే వచ్చాయి. (నవల్ కిశోర్ ముసల్మాన్ కాదు. ఖురాన్ షరీఫ్‌ని తక్కువ ధరలో ఇంటింటికీ చేరేలా అచ్చేసినవాళ్ళలో ఆయన ముఖ్యుడు. ఈ ముక్క ఈ రోజుల్లో పదేపదే చెప్పుకోవాల్సిందే.)

చిచ్చా రాయి వెంట పడి చదువుతుంటేనే లండన్ బడి నాకు తగిలింది.

లండన్‌లో ఫ్లీట్ స్ట్రీట్ అని ఒక వీధి. అఖ్బార్ల వీధి. 1500 ప్రాంతంలో వింకిన్ డి వర్డ్ అనే ప్రింటరు తన మెషిను అక్కడికి తెచ్చుకున్నప్పటి నుంచి నిన్నమొన్నటి దాకా ఆ చుట్టుపక్కలంతా మసి వాసనే. ఆ వీధి వెనక సందులో, సెయింట్ బ్రైడ్ చర్చి పక్కన, 1894లో ఒక ప్రింటింగ్ స్కూలు తెరిచారు. పైసలు ఎక్కడివంటే, మన భాషలో చెప్పాలంటే ఔఖాఫ్ ఆమ్‌దనీ. ఆ పారిష్‌లో పాతకాలపు దాతలు బీదల కోసం రాసిచ్చిన ఆస్తులు చాలా ఉండేవి. కాలం గడిచి ఆ పేటలో కాపురాలు తగ్గాయి, ఆఫీసులు, ప్రెస్సులు పెరిగాయి. ఖైరాత్ తీసుకునేవాళ్ళు తక్కువైపోయారు, పైసలు మిగిలిపోయాయి. అప్పుడు కానూన్ చేసి, ఆ డబ్బులో కొంత ఆ పేటలో పనిచేసే ప్రెస్సు కార్మికులకి పనికొచ్చేలా 1891లో ఒక ఫౌండేషన్ పెట్టారు. బడితో పాటు ఒక కుతుబ్‌ఖానా, వ్యాయామశాల, ఈత కొలను, బట్టలు ఉతుక్కునే చోటు కూడా! కార్మికుడికి అక్షరమే కాదు, స్నానం కూడా కావాలని ఆలోచించిన మనిషెవరో గానీ ఆయనకి నా సలాం. మన వక్ఫ్ ఆస్తుల మీద ఎన్ని షాపింగ్ కాంప్లెక్సులు లేచాయో, ఎన్ని కబ్జా అయ్యాయో మీకు నేను చెప్పాలా.

ఆ బడి అవసరం ఎందుకు పడింది? అంతకుముందు పని నేర్చుకునే పిల్లవాడు ఒక ఉస్తాద్ దగ్గర ఏళ్ళ తరబడి ఉండి అన్నీ నేర్చుకునేవాడు. ప్రెస్సులు పెద్దవయ్యే కొద్దీ పని ముక్కలైపోయింది. ఒకడు జీవితమంతా అక్షరాలు పేర్చడమే, ఇంకొకడు మెషిన్లో కాగితం పెట్టడమే. పూర్తి హునర్ ఎవడికీ చేతికి రావడం లేదు. పగలు ప్రెస్సులో పని, సాయంత్రం బడి. ఆ కుతుబ్‌ఖానాకి పునాది విలియం బ్లేడ్స్ అనే ప్రింటరు జీవితమంతా పోగుచేసిన కితాబులు. ఇంగ్లండులో మొదటి ప్రింటరు కాక్స్‌టన్ మీద పరిశోధన చేసిన మనిషి. ఆయన 1890లో చనిపోతే, కితాబులు చెల్లాచెదురు కాకుండా ఫౌండేషన్ కొనేసింది.

అదే కాలంలో, అదే పేటలో ఇంకో బడి మొదలైంది. మొదట క్లర్కెన్‌వెల్‌లో, మరుసటి ఏడాదే ఫ్లీట్ స్ట్రీట్ పక్కన బోల్ట్ కోర్ట్ అనే సందులోకి మారింది. ఇంగ్లీషు డిక్షనరీ రాసిన జాన్సన్ ఇంతకాల్ అయింది ఆ బోల్ట్ కోర్ట్‌లోనే. అక్కడ నేర్పింది సీసపు అక్షరాలు కాదు. ఫోటో నుంచి బ్లాకు చేయడం, రాతి మీద అచ్చు వేయడం. అంటే మా చిచ్చా ఉస్తాద్ చేసిన పని! ఇది చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మన దగ్గర ఛాపాఖానా మూలలో, సంగ్‌సాజ్ చేతి కింద, చెంపదెబ్బలు తింటూ నేర్చుకున్న హునర్‌కి అక్కడ బడి ఉంది, సర్టిఫికెట్ ఉంది, సర్కారు గ్రాంటు ఉంది.

ఇప్పుడు కలపడం, మార్చడం సంగతి.

1922లో సెయింట్ బ్రైడ్ బడి లండన్ కౌంటీ కౌన్సిల్ చేతికి వెళ్ళింది. పేరు మారింది, లండన్ స్కూల్ ఆఫ్ ప్రింటింగ్ అండ్ కిండ్రెడ్ ట్రేడ్స్. ప్రింటింగూ, దానికి చుట్టాలైన వృత్తులూ అని. ఈ 'చుట్టాలు' అన్న మాట నాకు భలే నచ్చింది. బైండింగ్ వాడు, బ్లాకు వాడు, అందరూ రిష్తేదార్లే కదా. బడి థేమ్స్ నది అవతలికి, స్టామ్‌ఫర్డ్ స్ట్రీట్‌కి వెళ్ళిపోయింది. కుతుబ్‌ఖానా మాత్రం కదల్లేదు. సెయింట్ బ్రైడ్ సందులోనే ఉండిపోయింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

1949లో ఆ స్కూల్నీ, బోల్ట్ కోర్ట్ బడినీ కలిపేశారు. లండన్ స్కూల్ ఆఫ్ ప్రింటింగ్ అండ్ గ్రాఫిక్ ఆర్ట్స్ అన్నారు. పైకి చూస్తే ఇది దఫ్తర్ లెక్కలా ఉంటుంది. కానీ అందులో ఒక న్యాయం ఉంది. అక్షరాలు పేర్చేవాళ్ళూ, రాతి వాళ్ళూ అప్పటిదాకా వేర్వేరు బిరాదరీలు. యూనియన్లు వేరు, జీతాలు వేరు, గర్వాలు వేరు. కానీ రాతి అచ్చుకి పుట్టిన బిడ్డ ఆఫ్‌సెట్ పెద్దదై వస్తోంది. రాయి పోయి రేకు వచ్చింది, రేకు మీద నుంచి రబ్బరు మీదకి, రబ్బరు మీద నుంచి కాగితం మీదకి. రేపు ఈ రెండు బిరాదరీలూ ఒకే మెషిను ముందు నిలబడాల్సిందే. పని కలిసిపోతోంది కాబట్టి బడి కలిసింది. 1960లో నార్త్ వెస్టర్న్ పాలిటెక్నిక్‌లోని ప్రింటింగ్ విభాగం కూడా వచ్చి చేరింది. అప్పుడు లండన్ కాలేజ్ ఆఫ్ ప్రింటింగ్ అన్న పేరు ఖాయమైంది. 1960ల తొలి ఏళ్ళలోనే నగరానికి దక్షిణాన ఎలిఫెంట్ అండ్ కాజిల్ అనే పేటలో ఎత్తైన కొత్త ఇమారత్‌లోకి మారింది. ఏనుగూ–ఖిలా! ఒక పాత సరాయి గుర్తు వల్ల ఆ పేటకి వచ్చిన పేరట. వింటే మన చార్మినార్ పక్క మహల్లా పేరనుకుంటాం.

అక్కడి నుంచి కథ నాకు అంత నచ్చదు, వేగంగా చెప్తాను. 1986లో లండన్‌లోని ఏడు ఆర్టు, డిజైను, వృత్తి కాలేజీల్ని ఒక గొడుగు కింద పెట్టి లండన్ ఇన్‌స్టిట్యూట్ అన్నారు. అదే ఏడు జనవరిలో రూపర్ట్ మర్డోక్ తన అఖ్బార్లని రాత్రికి రాత్రి ఫ్లీట్ స్ట్రీట్ నుంచి వాపింగ్‌కి మార్చేశాడు. అయిదారు వేల మంది ప్రెస్సు కార్మికుల రోజ్‌గార్ పోయింది. ఏడాది పాటు గేటు ముందు ధర్నా చేశారు, ఓడిపోయారు. ఇక ఆ కాలేజీ ఎవరికి నేర్పాలి? 1990లో దుకాణాల వ్యాపారం నేర్పే కాలేజీతో కలిపారు. పేరు చాంతాడంత అయింది. 1996లో మళ్ళీ పాత పేరుకి వచ్చారు. 2004లో పై సంస్థ యూనివర్సిటీ అయినప్పుడు, ఈ కాలేజీ పేరు లండన్ కాలేజ్ ఆఫ్ కమ్యూనికేషన్ అయిపోయింది. 'ప్రింటింగ్' అన్న మాట బోర్డు మీద నుంచి దిగిపోయింది. నూట పదేళ్ళు.

దీన్ని జుల్మ్ అందామా? నేను అననని చెప్పడానికే ఇంత పొడుగు చెప్పాను. అక్కడి పాత ప్రింటర్లు బాధపడి ఉంటారు, ఆ బాధ హఖే. కానీ చూడండి, ఏం మిగిలింది? బడి వెళ్ళిపోయాక కూడా సెయింట్ బ్రైడ్ కుతుబ్‌ఖానా ఆ సందులోనే నిలిచింది. ప్రింటింగ్ మీద ప్రపంచంలోని పెద్ద కుతుబ్‌ఖానాల్లో అది ఒకటి. కితాబులతో పాటు పాత అక్షరాల అచ్చులు, మెషిన్లు దాచారు. అక్కడ సీసపు అక్షరాలు పేర్చడం కూడా నేర్పారు. బడి చోటు నుంచి చోటుకి హిజ్రత్ చేసింది, మళ్ళీ మళ్ళీ పేర్లు మార్చుకుంది. కానీ ఎవరు ఎప్పుడు చదివారు, ఏం నేర్పారు, ఏ మెషిను ఎక్కడికి పోయింది అన్నదానికి కాగితం ఉంది. ఆ కాగితాలు లేకపోతే రాయలసీమలో కూర్చున్న నేను ఈ తారీఖ్ మీకు ఎలా చెప్పగలను?

మా చిచ్చా సంగతికి వస్తే, ఆయన పనికి బడి లేదు కాబట్టి కలిపే బాధ కూడా లేకపోయింది. 1981లో పాకిస్తాన్‌లో మిర్జా అహ్మద్ జమీల్ అనే ఆయన తన చేత్తో రాసిన వేల వేల అక్షర జోడింపుల్ని ఇంగ్లండు మోనోటైప్ కంపెనీ మెషిన్లోకి ఎక్కించారు. నూరీ నస్తాలిఖ్. తన వాలిద్ పేరు మీద పెట్టుకున్నారు. లాహోర్‌లో జంగ్ అఖ్బార్ దాంతో వచ్చింది. కాతిబ్ చేసిన పని వల్లే కాతిబ్ పని పోయింది, అదీ ఓ తమాషా. 1990లలో ఢిల్లీ నుంచి ఇన్‌పేజ్ వచ్చాక హైదరాబాద్ అఖ్బార్లలో కాతిబులు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. చిచ్చా మూడేళ్ళు షాదీ కార్డులు రాశాడు. తర్వాత ఒక బంధువు కిరాణా కొట్లో లెక్కలు రాశాడు. చెన్నైలో 1927 నుంచి వస్తున్న 'ముసల్మాన్' అఖ్బార్ కాతిబుల చేత్తో రాసే వస్తుందని మన వాళ్ళు ఫోన్లో వీడియోలు పంపుకుని మురిసిపోతుంటారు. చూసినప్పుడల్లా నాకు చిచ్చా కొట్లో చింతపండు తూకం రాసిన చిట్టీ గుర్తొస్తుంది. ఆ చిట్టీలో కూడా నస్తాలిఖ్ తప్పిపోలేదు.

ఆయన పోయాక ఖలాలు, దవాత్, ఉస్తాద్ రాసిచ్చిన మష్ఖ్ కాగితాలు ఏమయ్యాయి? చిచ్చీని అడిగితే, ఇల్లు మారేటప్పుడు ఎవరో తీసేశారంది. ఎవరో. మన దగ్గర అన్నీ ఆ 'ఎవరో' తీసేస్తారు.

ఇప్పుడు నా బడి. నేను ఒకటి నుంచి ఏడు దాకా ఉర్దూ మీడియంలో చదివాను. ఊరి పేరూ, బడి పేరూ వద్దు. రెండు గదులు, ఒక వేపచెట్టు, ఒక బీరువా. ఆ బీరువాలో హాజరీ పుస్తకాలు, దాఖలా రిజిస్టర్లు, కొన్ని కథల కితాబులు. శనివారం సాయంత్రం ఉస్తాద్ సాబ్ తాళం తీసి మాకు తలా ఒక కితాబు ఇచ్చేవారు. నేను తర్వాత తెలుగులో డిగ్రీ చేసి, తెలుగు అఖ్బార్‌లో పని చేసి, ఈ రోజు మీకు తెలుగులో రాస్తున్నానంటే దానికి బునియాద్ ఆ బీరువా. ఒక జబాన్ బాగా వచ్చినవాడికి రెండోది దుష్మన్ కాదు.

నేను బయటికొచ్చిన చాలా ఏళ్ళకి ఆ బడిని కలిపేశారు. పిల్లలు తగ్గిపోయారు, నిజమే. టీచరు ఒక్కరే, నిజమే. పక్క వీధి బడిలో ఉర్దూ సెక్షన్ అన్నారు. రెండేళ్ళకి ఉర్దూ టీచర్ రిటైరయ్యారు, పోస్టు నిండలేదు, సెక్షన్ దానంతట అదే ఆగిపోయింది. మాకు ఎవరికీ పట్టలేదు. మా ఆపాకి అవసరం పడేదాకా.

ఆపాకి ఉమ్రా వెళ్ళడానికి పాస్‌పోర్టు కావాలి. ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1. మన ఆడవాళ్ళలో సగం మంది జనవరి 1నే పుట్టారు కదా! పాన్ కార్డులో వేరే తేదీ. అసలు తేదీ బడి దాఖలా రిజిస్టర్లో ఉంటుంది, అబ్బా స్వయంగా రాయించారు. నేను కలిపిన బడికి వెళ్ళాను. హెడ్‌మాస్టర్ మర్యాదగానే మాట్లాడారు. పాత బడి రికార్డు తమకి అందినట్టు ఎక్కడా లేదన్నారు. అటెండర్ గుర్తు చేసుకుని చెప్పాడు: బీరువా తెచ్చాం సార్, గదిలో చోటు లేక వరండాలో పెట్టాం, ఒక వాన సీజన్ అక్కడే ఉంది, కాగితాలన్నీ ముద్దయిపోయాయి, అన్నీ ఉర్దూలోనే ఉన్నాయి, ఎవరికీ చదవడం రాదు, అందుకని... ఆ 'అందుకని' తర్వాత అతను ఏమీ అనలేదు. బీరువా మాత్రం ఉంది. రంగు వేయించి అందులో మధ్యాహ్న భోజనం ప్లేట్లు పెట్టుకున్నారు.

ఆపా అఫిడవిట్లు, గెజిట్లు, తహసీల్దార్ దఫ్తర్లు తిరిగేసరికి ఆమెతో వెళ్ళాల్సిన ఖాఫిలా వెళ్ళిపోయింది. తర్వాత ఏడాదికి వెళ్ళింది, అల్‌హందులిల్లా. కానీ ఆ రిజిస్టర్లో ఆపా ఒక్కతే లేదు. నలభై ఏళ్ళ పిల్లలున్నారు. కాగితం చూపించు, పుట్టిందెక్కడో చూపించు, మీ అబ్బా పేరు స్పెల్లింగ్ చూపించు అని అడిగే ఈ జమానాలో, ముసల్మాన్ ఇంటికి బడి రిజిస్టర్ అంటే ఏమిటో నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

అందుకే సహన్‌లో జరిగిన బహస్‌లో నేను ఏ వైపూ లేను. తొమ్మిది మంది పిల్లలు, ఒక్క టీచరు, అయిదు తరగతులు ఉన్నదాన్ని అలాగే ఉంచండి అని నేను అడగను. ఆ తొమ్మిది మందికి అది ఇన్సాఫ్ కాదు. మనలో తఖ్రీర్ చేసేవాళ్ళ పిల్లలు ఆ తొమ్మిదిలో లేరు కూడా. నా కూతురూ లేదు. కాన్వెంటులో ఇంగ్లీషు చదువుతోంది, చిచ్చా చేతిరాత చూపిస్తే బొమ్మ బాగుంది అబ్బూ అంటుంది. కాబట్టి ఇంకొకరి బిడ్డని మన జబాన్‌కి కాపలా పెట్టే హక్ నాకు లేదు.

కానీ, కలపడానికి ఒక పద్ధతి ఉంటుంది. లండన్‌లో 1949లో రెండు బడుల్ని కలిపినప్పుడు కారణం పనిలో ఉంది. మన దగ్గర కారణం తలల లెక్క. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జీవో 117 వచ్చినప్పుడు చూశాం, మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని కిలోమీటరు లోపు హైస్కూళ్ళకి పంపేశారు. తర్వాతి ప్రభుత్వం వచ్చి ఆ జీవోని పక్కనబెట్టింది. ఈ పోకరాకల్లో మ్యాపు మీద కిలోమీటరు కనిపిస్తుంది, మధ్యలో ఉన్న హైవే కనిపించదు. ఎనిమిదేళ్ళ ఆడపిల్లని లారీల మధ్య నుంచి ఎవరు దాటిస్తారు? అమ్మీ పొద్దున్నే పనికి పోతుంది, అబ్బా ఇంకా ముందే పోతాడు. మొదటి నెల దాటిస్తారు. రెండో నెల మానేస్తారు. రిజిస్టర్లో డ్రాపౌట్ అని రాస్తారు, కారణం గడిలో 'తల్లిదండ్రుల అశ్రద్ధ'.

ఉర్దూ తెలంగాణ మొత్తానికి 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్ మొత్తానికి 2022 నుంచి రెండో అధికార భాష. దస్తూర్‌లో 350ఎ అధికరణం ఉంది, భాషా మైనారిటీల పిల్లలకి ప్రాథమిక తరగతుల్లో మాతృభాషలో చదువు అందించే ఏర్పాటు చూడమని రాష్ట్రాలకి చెప్తుంది. ఇవన్నీ తఖ్రీర్లకి పనికొస్తాయి. హెడ్‌మాస్టర్ టేబుల్ ముందు పనికొచ్చేది వేరే. విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రతి సర్కారు బడికీ యాజమాన్య కమిటీ ఉంటుంది. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. మా మహల్లా బడి కమిటీ చైర్‌పర్సన్ ఎవరో తెలుసా? బీడీలు చుట్టే ఒక ఖాలా. ఆమెకే తెలియదు! ఎప్పుడో సంతకం పెట్టించుకున్నారట. మొన్న ఇంటికెళ్ళి చెబితే, "అరే బేటా, మై చైర్‌మన్ హూం?" అని పెద్దగా నవ్వింది. నవ్వాక అడిగింది, "తో క్యా క్యా పూఛ్ సక్తీ హూం?"

ఏం అడగొచ్చో ఇద్దరం కూర్చుని రాసుకున్నాం. కలిపే ముందు కమిటీ తీర్మానం లేకుండా వద్దు. ఉర్దూ టీచర్ పోస్టు మనిషితో పాటు పోకూడదు, కొత్త బడి పేరు మీదికి మారాలి, కాగితం చూపించాలి. హైవే దాటించడానికి ఆటో ఖర్చు ఎవరిస్తారో రాతలో చెప్పాలి. కొత్త బడి బోర్డు మీద ఉర్దూలో కూడా పేరుండాలి. ఇక బీరువా. దాని గురించి ఖాలాయే ఎక్కువ చెప్పింది, ఎందుకంటే ఆమె అయిదుగురు పిల్లల పుట్టిన తేదీలూ అందులోనే ఉన్నాయి. ప్రతి రిజిస్టర్ ఏ ఏడాదిది, ఎన్ని పేజీలు అని జాబితా రాయాలి. అప్పగించినవాళ్ళు, తీసుకున్నవాళ్ళు సంతకం పెట్టాలి. ఒక నకలు కమిటీ దగ్గర ఉండాలి. బదిలీకి ముందే ప్రతి పేజీ ఫోటో తీయడానికి ఇజాజత్ అడగాలి, అది హెడ్‌మాస్టర్ ఎదుటే, ఒక్క పేజీ కూడా బయటికి తీసుకెళ్ళకుండా.

మీ మహల్లాలో బడి కలవడం ఇప్పటికే అయిపోయి ఉంటే, ఆలస్యం చేయకుండా వెళ్ళి బీరువా ఎక్కడుందో అడగండి. వరండాలో ఉంటే లోపల పెట్టించండి. ఉర్దూ చదవడం రాదని పక్కన పడేసి ఉంటే, చదివి పెట్టడానికి రిటైరైన ఉస్తాద్ ఒకరు ప్రతి ఊళ్ళో ఉంటారు. ఆయనకి కబురు పంపండి, సంతోషంగా వస్తారు.

మా దగ్గర సోమవారం పొద్దున పదిన్నరకి హెడ్‌మాస్టర్ రమ్మన్నారు. ఖాలా ముందు, మేం వెనక. ఆటో కుర్రాడు కూడా వస్తానన్నాడు. సహన్‌లో గొంతు పెంచిన బుజుర్గ్‌ని కూడా పిలిచాను. ఉర్దూ రిజిస్టర్లు గబగబా చదవగలిగేది మా మహల్లాలో ఇప్పుడు ఆయనొక్కరే. పది గంటలకి మస్జిద్ గేటు దగ్గర కలుస్తున్నాం. ఫోన్లు పూర్తిగా ఛార్జ్ చేసుకుని రండి, ఫోటోలు చాలా తీయాలి.